వాక్స్వాతంత్ర్యము – వినువారి ధర్మము

మోపిదేవికి సమీపముననున్న పెదప్రోలు గ్రామమున, సుమారు రెండువందల ఏండ్లకు పూర్వము, కాసుల పురుషోత్తమకవి అను భక్తకవి ఉండెను. కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున వెలసిన ఆంధ్రమహావిష్ణువుపై ఆయన ఆంధ్రనాయక శతకమును రచించెను. అది సాధారణమైన స్తోత్రము కాదు. స్వామివారి మహిమను పొగడుటకు మారుగా కవి స్వామినే నిలదీసెను, ఎత్తిపొడిచెను, లోకులు గొప్పలని చెప్పుకొను గుణములనే దోషములుగా లెక్కించి చూపెను. మాట పైకి నింద, లోపల భక్తి. దీనిని మన పెద్దలు నిందాస్తుతి అందురు. ఇందు గమనింపదగినది కవి సాహసమొక్కటే కాదు. తమ యిలవేల్పునే ప్రశ్నించిన ఆ పద్యములను ఈ సీమ జనులు దైవదూషణమని త్రోసివేయలేదు. కంఠస్థము చేసిరి, శతక వాఙ్మయమున దానికొక ఉన్నత స్థానము నిచ్చిరి.

పెదప్రోలికి ఎంతో దూరము లేని కూచిపూడిని గురించియు ఇట్టి కథ యొకటి కలదు. మాచుపల్లి కైఫీయతులో కనవచ్చు ఆ వృత్తాంతము పదునారవ శతాబ్ది ఆరంభము నాటిది. సిద్ధవటము నేలుచున్న సమ్మెట గురవరాజు ప్రజలనుండి ధనము రాబట్టుటకై స్త్రీలను సైతము చిత్రహింసలు పెట్టుచుండగా, ఆ దారిని పోవుచున్న భాగవతులు చూచిరట. వారు విజయనగరము చేరి, వీరనరసింహరాయల యెదుట ప్రదర్శనము జరుపు సందర్భమున, ఆ ఘోరమునే ఒక కేళికగా కట్టి ఆడిరట. రాయలు అర్థము తెలిసికొని, విచారించి, గురవరాజును శిక్షించెనని కైఫీయతు చెప్పుచున్నది. కూచిపూడి చరిత్రకారులు ఆ భాగవతులు తమవారేయని సగర్వముగా చెప్పుకొందురు. అర్జీ పెట్టుటకు న్యాయస్థానములు, వ్రాయుటకు పత్రికలు లేని కాలమున, కాలి గజ్జెయే నోరైనది. అయితే ఆ నోటికి ఫలము దక్కుటకు కారణము, సింహాసనముపై విను చెవి యుండుటయే.

వాక్స్వాతంత్ర్యము అనగానే మనము పలుకువాని హక్కును మాత్రమే తలచుచుందుము. నిజమునకు ఆ హక్కులో ఇరువురు భాగస్వాములు కలరు: పలుకువాడొకడు, వినువాడొకడు. పలుకువానికి చట్టము రక్షణ యీయగలదు. వినువానికి ఓర్పును మాత్రము ఏ చట్టమును ఈయజాలదు. అది సంస్కృతివలన రావలసినది. అప్రియమైనను హితమైన మాటను చెప్పువాడును దుర్లభుడే, వినువాడును దుర్లభుడే యని విదురుడు ధృతరాష్ట్రునకు బోధించెను. ధృతరాష్ట్రుడు ఆ మాటను చెవులతో విన్నాడే కాని మనసుతో వినలేదు. దాని ఫలితమెట్టిదో భారతము చెప్పుచున్నది. స్వేచ్ఛాసమాజమునకు సంస్కృతి వైపునుండి వచ్చు ముప్పులను ఈ దృష్టితో పరిశీలించుట నేటి ప్రసంగ విషయము.

చట్టము వేసిన కంచె

మొదట చట్టము మాట. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము, 19వ అధికరణమున, ప్రతి పౌరునకును వాక్స్వాతంత్ర్యమును, భావప్రకటన స్వాతంత్ర్యమును ప్రసాదించినది. ఆ వెంటనే దానికి హద్దులను కూడ పేర్కొన్నది. దేశ సార్వభౌమత్వము, సమగ్రత, రాజ్య భద్రత, విదేశములతో మైత్రి, ప్రజాశాంతి, మర్యాద లేక నీతి, న్యాయస్థాన ధిక్కారము, పరువునష్టము, నేరమునకు ప్రేరేపణము – ఈ కారణములపై ప్రభుత్వము సమంజసమైన ఆంక్షలను విధింపవచ్చును. సమంజసమా, కాదా యని తేల్చునది న్యాయస్థానము.

ఈ హద్దులన్నియు మొదటినుండి ఉన్నవి కావు. కృష్ణామండలము ఇంకను మద్రాసు రాష్ట్రములో భాగమైయున్న 1950లో, బొంబాయినుండి వెలువడు ‘క్రాస్ రోడ్స్’ అను వారపత్రిక తమ రాష్ట్రములో ప్రవేశింపరాదని మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. దాని సంపాదకుడు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టు నాశ్రయించెను. ప్రజాశాంతి పేరిట అంత విశాలమైన ఆంక్షకు రాజ్యాంగములో చోటు లేదని ఆ సంవత్సరము మే నెలలో ధర్మాసనము తీర్పు చెప్పినది. మరుసటి యేడు, 1951లో, రాజ్యాంగమునకు తొలి సవరణ జరిగినది. ప్రజాశాంతి, నేరప్రేరేపణము, విదేశ మైత్రి అను మాటలు అప్పుడు చేరినవి. ఆంక్ష సమంజసమైనదై యుండవలెనను నియమమును అప్పుడే చేరినది. దేశ సార్వభౌమత్వము, సమగ్రత అను మాటలు 1963లో చేరినవి.

ఇట్లు కంచె కొంత జరుగుచు, కొంత నిలుచుచు వచ్చినది. 2015లో సుప్రీంకోర్టు సమాచార సాంకేతిక చట్టములోని 66ఎ విభాగమును కొట్టివేసినది. ఒకనికి చిరాకు కలిగించు మాట నేరము కాజాలదని ఆ తీర్పు సారాంశము. బ్రిటిషువారినాటి రాజద్రోహ నిబంధన క్రింద చర్యలను 2022లో ఆ న్యాయస్థానమే నిలిపివేసినది. 2024 జూలై 1నుండి పాత శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. అందు రాజద్రోహమను పేరు లేదు. కాని దేశ సమగ్రతను భంగపరచు పలుకులను శిక్షించు వేరొక విభాగము కలదు. దాని పరిధియెంతయో న్యాయస్థానములు నిర్ణయింపవలసియున్నది.

కంచె అవసరమే. కాని కంచెను చూచి పంట పండినదని ఎవ్వరును అనరు. లోపలి భూమి సారవంతముగా ఉన్నదా, చవిటిపర్రయై పోవుచున్నదా యను ప్రశ్న మిగిలియేయున్నది.

దొరతనము చేతిలో

పరాయి ప్రభుత్వపు నాటి కథ మనకందరకు తెలిసినదే. 1902లో బందరున కృష్ణాపత్రిక వెలసినది. 1907నుండి 1945లో కీర్తిశేషులగువరకు ముట్నూరి కృష్ణారావుగారు దానిని సంపాదకులై నడపిరి. 1907లోనే బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశములో పర్యటించి స్వరాజ్య సందేశమును వినిపించెను. ఆ ఉత్సాహములో రాజమహేంద్రవరమున విద్యార్థియైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి బహిష్కృతులైరి. ఆయన బెజవాడ చేరి ‘స్వరాజ్య’ పత్రికను నడపిరి. 1908లో తిరునల్వేలి కాల్పులను ఖండించుచు, ఫిరంగీ దొరతనమును క్రూరవ్యాఘ్రముతో పోల్చి వ్రాసినందులకు రాజద్రోహము మోపబడి, ఆయనకు మూడు సంవత్సరముల కఠినశిక్ష పడినది.

1910 నాటి ముద్రణాలయ చట్టము వేరొక యుపాయమును కనిపెట్టినది. నేరము రుజువు చేయు శ్రమ లేకయే, ముద్రణాలయమువారినుండి ముందుగా ధరావతు కోరవచ్చును. క్రొత్త ముద్రణాలయమునకు రూ. 500 మొదలు 2,000 వరకు. అభ్యంతరకరముగా వ్రాసిన పాతదానికి రూ. 5,000 వరకు. ఏదేని వ్రాత దొరలకు నచ్చకున్నచో ఆ సొమ్ము జప్తు. ఆ దినములలో చిన్న పత్రికకు అది ప్రాణముతో సమానమైన మొత్తము. ఇందలి కిటుకేమనగా, దండించునది దొరయే అయినను, కలమును ఆపునది రచయిత చేయియే. ఈ వాక్యము వ్రాసినచో ధరావతు పోవునేమో అను శంక ప్రతి పంక్తికిని ముందుగా వచ్చి కూర్చుండును. దీనినే స్వయంనియంత్రణమని గౌరవముగా పిలుచుచున్నాము. దాని అసలు పేరు భయము.

హరిసర్వోత్తమరావుగారి చరిత్రలో మరియొక ఘట్టము కలదు. శిక్ష ముగిసి ఆయన వెలుపలికి వచ్చిన పిమ్మట, ఆయనతో మాటాడుటకును, ఇంట నాశ్రయమిచ్చుటకును జనులు జంకిరి. చెఱసాల తలుపును తెరచినది ప్రభుత్వము. ఇండ్ల తలుపులను మూసికొన్నది సమాజము. ఈ రెండవ శిక్షకు ఏ శిక్షాస్మృతిలోను విభాగము లేదు. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూఅర్ట్ మిల్ 1859లో ప్రచురించిన స్వేచ్ఛా విచారములో ఈ సంగతినే హెచ్చరించెను. ప్రభుత్వపు నిరంకుశత్వముకంటె సంఘపు నిరంకుశత్వము లోతైనది. దానినుండి తప్పించుకొను దారులు తక్కువ. అది దైనందిన జీవితములోనికి చొరబడి మనసునే బంధించును.

సంఘము చేతిలో

మొవ్వ గ్రామము కూచిపూడికి పొరుగూరు. మువ్వగోపాలుని ముద్రతో శృంగార పదములను రచించిన క్షేత్రయ్యను ఆ యూరివాడని తెలుగువారు నెత్తిన పెట్టుకొనిరి. ఆ శృంగార మార్గముననే తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానములో ముద్దుపళని యను విదుషి రాధికాసాంత్వనమను ప్రబంధమును రచించినది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు దానిని పరిష్కరించి, వావిళ్లవారిచే ప్రచురింపజేసిరి. వెంటనే ఆక్షేపణలు బయలుదేరినవి. అశ్లీలమను నెపమున ప్రభుత్వము ప్రతులను స్వాధీనపరచుకొని గ్రంథమును నిషేధించినది. స్వాతంత్ర్యము వచ్చు తరుణమున, ప్రకాశం పంతులుగారి చొరవతో గాని ఆ నిషేధము తొలగలేదు.

ఇందు చింతింపవలసిన విషయము కలదు. పురుషుడు వ్రాసిన శృంగారమును పండితులు రసమనిరి. స్త్రీ వ్రాసినదానిని సిగ్గుమాలిన పనియనిరి. సంఘసంస్కర్తలలో అగ్రగణ్యులైన వీరేశలింగం పంతులుగారు సైతము ఆమె కవిత్వమును ఆ దృష్టితోనే తప్పుపట్టిరి. స్త్రీవిద్యకై జీవితమును ధారపోసిన మహనీయుని చెవియే ఒక స్త్రీ కంఠమును వినలేకపోయినది. దీనివలన ఆ మహనీయుని గొప్పతనము తరుగదు. మంచివారికి కూడ చెవి యొక చోట మూసికొనునని మాత్రము మనము నేర్వవలెను. ముప్పు దుర్మార్గులనుండియే వచ్చునని తలచుట పొరపాటు.

రెండవ యుదాహరణము బందరుదే. గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు వృక్షశాస్త్రోపన్యాసకులు. నాస్తిక భావములను వెల్లడించిన కారణమున 1933లో కాకినాడ కళాశాలలో వారి ఉద్యోగము పోయినది. పిదప మచిలీపట్టణము హిందూ కళాశాలలో చేరిరి. ఆ భావములే అడ్డై అచ్చటను నిలువలేక, 1940లో కృష్ణామండలములోని ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. ఏ చట్టమును వారి నోరు మూయలేదు. జీతము మాత్రము నోటికి ముడిపడినది. పలుకుటకు హక్కు ఉండి, పలికినచో కూడు పోవునట్టి స్థితిలో, ఆ హక్కు ధనికుల కొక్కరికే మిగులును.

అయితే ఈ కథకు రెండవ సగము కలదు. గోరాగారు సేవాగ్రామము వెళ్లి గాంధీమహాత్ముని దర్శించిరి. ప్రతిదినము ప్రార్థన జరుగు ఆశ్రమములో, దేవుడే సత్యమని, సత్యమే దేవుడని నమ్మిన మహాత్ముడు, దేవుడు లేడనువానిని కూర్చుండబెట్టుకొని, ప్రశ్నలడిగి, వాదమంతయు వినెను. తన ఆస్తికత్వము సరియైనదనిగాని, గోరా నాస్తికత్వము తప్పనిగాని తాను చెప్పజాలనని, ఇరువురును సత్యాన్వేషకులేయని ఆయన అభిప్రాయపడెను. గోరాగారి కుమార్తెకు హరిజన యువకునితో వివాహము తలపెట్టినప్పుడు, దేవుని పేరు లేని పద్ధతిని జరిపించుటకు సైతము మహాత్ముడు అంగీకరించెను. ఆయన మరణానంతరము, 1948 మార్చిలో, ఆ వివాహము సేవాగ్రామముననే జరిగినది. గోరా నాస్తికుడుగనే మిగిలెను. గాంధీ ఆస్తికుడుగనే కన్నుమూసెను. ఎవరును ఓడలేదు. వినుటయనగా అంగీకరించుట కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

నోరే లేనివారు

వాక్స్వాతంత్ర్యమును గూర్చి మాటాడునప్పుడు, ఉన్న నోటిని ఎవరు మూసిరను ప్రశ్నతోనే ఆగరాదు. అసలు నోరున్నట్లుగనే గుర్తింపబడనివారెవరని కూడ అడుగవలెను. మన గ్రామములలో రచ్చబండ ప్రజాస్వామ్యమునకు పుట్టినిల్లని పొగడుచుందుము. ఆ బండపై కూర్చుండుటకు ఎవరికి అర్హత యుండెడిది? స్త్రీలకు లేదు; అంటరానివారని దూరముంచబడినవారికి లేదు. వారిని గురించి తీర్పులు జరిగెను. వారి మాట వినక జరిగెను.

1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ జరిగినది. అందులకు గుడివాడ సేవాశ్రమ నిర్వాహకులైన గూడూరు రామచంద్రరావుగారు పూనుకొనిరి. హైదరాబాదునుండి వచ్చి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మగారు మొదట పేరునే ప్రశ్నించిరి. పంచములమనుట ఏల? మేమీ నేలకు ఆదివాసులము, ఆది ఆంధ్రులము అనిరి. సభ ఆ పేరును స్వీకరించినది. ఇతరులు పెట్టిన పేరును తిరస్కరించి తమ పేరును తామే పలుకుట – వాక్స్వాతంత్ర్యమున ఇది మొదటి అక్షరము. ఆ సభ జరిగిన దినములలో కనకదుర్గాలయపు తలుపులను మూసియుంచిరని చరిత్ర చెప్పుచున్నది. పలుకుటకు సభామందిరము దొరకినది. వినుటకు ఊరింకను సిద్ధముగా లేదు.

అందువలన స్వేచ్ఛా సమాజమును కొలుచుటకు ఒక సులభమైన కొలబద్ద కలదు. అందరికంటె బిగ్గరగా పలుకువానికి ఎంత స్వేచ్ఛ యున్నదని కాక, అందరికంటె సన్నని గొంతుక ఎంతదూరము వినబడుచున్నదని చూడవలెను.

పుస్తకమునకు పుస్తకమే జవాబు

నచ్చని మాటను వినిన పిమ్మట ఏమి చేయవలెను? ఈ విషయమున కృష్ణామండలమునకు చక్కని సంప్రదాయమే కలదు. గుడివాడ చెంతనున్న అంగలూరున 1887లో జన్మించిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు, శంబుకవధ, సూతపురాణము మున్నగు కృతులలో పురాణములను, వర్ణధర్మములను తీవ్రముగా విమర్శించిరి. ఆ జిల్లాయందే నందమూరున 1895లో జన్మించి, బందరున విద్యాభ్యాసము చేసిన విశ్వనాథ సత్యనారాయణగారు ఆ పురాణసంస్కృతికే హారతి పట్టి రామాయణ కల్పవృక్షమును నిర్మించిరి. ఇరువురి దారులును ఉత్తర దక్షిణములు. ఒకరి పాఠకులు రెండవవారిని చదివి కోపగించుకొనిరి, ఖండన గ్రంథములు వ్రాసిరి, సభలలో వాదించిరి. తెలుగు భాష ఇరువురివలనను సంపన్నమైనది. నేటి విద్యార్థి ఇరువురిని చదివి, తన బుద్ధికి తోచిన నిర్ణయమునకు రాగలుగుచున్నాడు. ఆ నిర్ణయమును అతనికి ముందుగానే తప్పించి, ఒక పుస్తకమును కాల్చివేసియుండినచో, మనము రక్షించినది సంస్కృతిని కాదు, అజ్ఞానమును.

ఈ సంప్రదాయము నేడు పలుచబడుచున్నది. 2017లో కంచ ఐలయ్యగారి పుస్తకములోని ఒక అధ్యాయము తెలుగులో వేరుగా వెలువడినప్పుడు, తమ కులమును అవమానించినదని ఒక వర్గమువారు తీవ్రముగా బాధపడిరి. ఆ బాధ నిజమైనదే. ఒక కులమునంతటిని ఒకే మాటతో తూచుట న్యాయమాయను ప్రశ్నయు అడుగదగినదే. ఆ ప్రశ్నను వ్యాసములలో అడిగినవారు కలరు. కాని రచయితకు బెదరింపులును వచ్చినవి. పుస్తకమును నిషేధింపవలెనను వ్యాజ్యమును సుప్రీంకోర్టు ఆ అక్టోబరులో త్రోసిపుచ్చినది. తన భావమును ప్రకటించు హక్కు రచయితకు కలదని, దానిని తేలికగా అణచరాదని ధర్మాసనము పలికినది.

మనసు నొచ్చినవానికి జవాబు చెప్పు హక్కు సంపూర్ణముగా కలదు. నొచ్చుకొను హక్కు కూడ కలదు. నోరు మూయించు హక్కు మాత్రము ఆ రెండింటినుండి పుట్టదు. ఎందుకనగా, నొప్పియే కొలత యైనచో, ఎక్కువ కోపమును చూపగలవాని కులము, మతము, పక్షము మాత్రమే రక్షణ పొందును. మౌనముగా నొచ్చుకొను దుర్బలునికి ఏమియు మిగులదు.

మాట ప్రాణము నిలుపును

వాక్స్వాతంత్ర్యము చదువుకొన్నవారి వినోదమని, కూలిజనులకు దానితో పని యేమని కొందరు అడుగుదురు. సముద్రపుటొడ్డున నివసించు మనకు ఈ ప్రశ్నకు జవాబు తెలిసియుండవలెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. వారిని ముందుగా హెచ్చరించు గొంతు ఏదియు లేదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన వచ్చినప్పుడు, హెచ్చరిక వ్యవస్థ నేటివలె బలమైనది కాదు. సుమారు 10,000 మంది అసువులు బాసిరి. అయినను ఒక భేదము కలదు. అత్యవసర పరిస్థితి అదే సంవత్సరము మార్చిలో తొలగినది. పత్రికలపై పూర్వపరిశీలన లేదు. శవములు తేలిన పొలములను, అందని సహాయమును, జరిగిన లోపములను విలేకరులు ఉన్నదున్నట్లు వ్రాసిరి, దేశమంతయు కదలివచ్చినది. పాలకులు జవాబు చెప్పవలసివచ్చినది.

ఆర్థికశాస్త్రవేత్త అమర్త్య సేన్ ఈ విషయమునే సిద్ధాంతముగా నిరూపించెను. స్వేచ్ఛగల పత్రికలు, ఎన్నికలు ఉన్న దేశములో ఘోరమైన కరవు సంభవించుట అరుదు. వార్త బయటపడినచో పాలకులు చేతులు ముడుచుకొని కూర్చుండలేరు. 1943లో వంగదేశమున లక్షలాది జనులు ఆకలితో మడియుచుండగా, యుద్ధకాలపు ఆంక్షల చాటున ఆ మాట అణగియుండెను. కలకత్తా స్టేట్స్‌మన్ పత్రిక సాహసించి చిత్రములను ప్రకటించిన పిమ్మటనే లోకము ఉలిక్కిపడినది.

దివిసీమకు మరల రండు. 1990 మే నెలలో దాదాపు ఈ తీరముననే మరియొక భీకరమైన తుపాను తీరము దాటినది. ఈసారి హెచ్చరికలు ముందుగా వెళ్లినవి. లక్షకు పైగా జనులను సురక్షిత స్థలములకు తరలించిరి. మృతుల సంఖ్య వేయి లోపున నిలిచినది. ఇచ్చట ఆకాశవాణి ఉద్యోగిగా ఒక మాట చెప్పవలసియున్నది. హెచ్చరిక ప్రసారము చేయుట సగము పని. దానిని జనులు నమ్ముట తక్కిన సగము. ఇల్లు, గొడ్డు, గోదా విడిచి పొమ్మని ఒక గొంతు చెప్పినప్పుడు కదలవలెనన్నచో, ఆ గొంతు మునుపు అబద్ధమాడియుండరాదు.

1975 జూన్ 25నుండి 1977 మార్చి 21 వరకు నడచిన అత్యవసర పరిస్థితిలో రేడియో ఆ నమ్మకమును పోగొట్టుకొన్నది. పాలకుల మాటయే పగలు, రాత్రి వినిపించినందున, జనులు దానికి పరిహాసనామములు పెట్టిరి. నిజమైన వార్తకై విదేశ కేంద్రములను వెదకుకొనిరి. అనంతరము వర్గీసు సంఘము 1978లో స్వతంత్ర ప్రసార సంస్థను సిఫారసు చేసినది. 1990లో చట్టము వచ్చినది. 1997లో ప్రసార భారతి ఏర్పడినది. విశ్వాసమను నిధి ఒక రాత్రిలో కరగిపోవును. కూడబెట్టుటకు దశాబ్దములు పట్టును. అప్రియమైన సత్యమును చెప్పుటకు అనుమతిలేని గొంతు, ప్రాణాపాయ వేళ పలికిన సత్యమును కూడ జనులు సందేహింతురు. స్వేచ్ఛలేని మాటకు ఇదియే అసలు నష్టము.

నేటి ముప్పులు

నేడు ప్రతివాని చేతిలోను ఫోను కలదు. ఎవరైనను ఎప్పుడైనను లోకమునకు చెప్పగలరు. ఇక వాక్స్వాతంత్ర్యమునకు లోటేమియని అనిపించును. కాని ముప్పు రూపు మార్చుకొన్నది. పూర్వము మాటను అణచిరి. ఇప్పుడు మాటలలో మాటను ముంచివేయుచున్నారు. వరదనీట త్రాగునీరు దొరకనట్లు, వార్తల వెల్లువలో నిజము దొరకుట లేదు. వదంతి ఒక క్షణములో మండలమంతయు చుట్టివచ్చును. దానిని సరిదిద్దు మాట వెనుకబడి నడచును. ఒక మహిళ తన అభిప్రాయమును ప్రకటించినంతనే, ఆమె వాదమును విడిచి ఆమె శీలముపై, రూపముపై వందలాది అజ్ఞాత హస్తములు బురద చల్లును. ఆమె మరునాడు మౌనము వహించును. ఏ ప్రభుత్వమును ఉత్తరువు వేయకయే ఒక గొంతుక ఆరిపోయినది. చల్లినవారు దీనిని తమ వాక్స్వాతంత్ర్యమందురు. ఒకరి నోరు మూయించుటకే ప్రయోగింపబడిన మాట స్వేచ్ఛకు బిడ్డ కాదు, శత్రువు.

అన్నిటికంటె సూక్ష్మమైన ముప్పు వేరొకటి కలదు. మనకు నచ్చిన మాటయే మనకు వినిపించుచుండుట. యంత్రము మన అభిరుచిని కనిపెట్టి, మన కోపమునకు కోపమును, మన గర్వమునకు గర్వమును వడ్డించుచున్నది. ఇందు బలవంతము లేదు, సుఖమున్నది. సుఖముగా వినువాడు క్రమముగా వినుటయే మరచును.

అందువలన ఏ మాటనైనను నిషేధింపుమని కేకవేయుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు. ఈ మాట ఒకనిని కొట్టుమని, చంపుమని పురికొల్పుచున్నదా, లేక నాకు బాధ మాత్రమే కలిగించుచున్నదా? మొదటిదానికి చట్టము కలదు; రెండవదానికి జవాబు కలదు. ఇది తెలిసి పలికిన అబద్ధమా, లేక నేనంగీకరింపని అభిప్రాయమా? అబద్ధమును ఆధారములతో ఎండగట్టవచ్చును. అభిప్రాయమును వాదముతో ఎదుర్కొనవచ్చును. ఈ మాటయే నా పక్షమువాడు ఎదుటి పక్షమును గురించి పలికియుండినచో, నేనేమనియుందును? ఈ మూడవ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకొన్నవాడు నూటికి తొంబది సందర్భములలో నిషేధపు మాటను విడిచిపెట్టును.

బందరులో ముట్నూరివారి చుట్టును సాయంకాలములందు చేరెడి గోష్ఠిని కృష్ణాపత్రిక దర్బారని పిలిచెడివారు. కవులు, చిత్రకారులు, రాజకీయ కార్యకర్తలు అచ్చట కూడుకొని ముచ్చటించెడివారు. అట్టి దర్బారులు ప్రతి గ్రామమునకును కావలెను. రాజ్యాంగము గ్రామసభను ఏర్పరచినది, గ్రంథాలయములు కలవు, పాఠశాలలు కలవు. గ్రామసభలో కాలువ పూడికను గురించి, రొయ్యల చెరువులవలన ఉప్పుబారిన బావిని గురించి, ఎవరికిని ఇష్టములేని ప్రశ్నను ఒక కౌలు రైతో, ఒక మత్స్యకార స్త్రీయో లేచి అడిగినప్పుడు, కూర్చో అని అరచువారు కొందరుందురు. అప్పుడు ప్రక్కనున్న వారిలో ఒకరు, ‘చెప్పనీయండి, విందాము’ అనినచో చాలును. ఆ రెండు మాటలకు అధికారము అక్కరలేదు, పాండిత్యము అక్కరలేదు. రాజ్యాంగములోని 19వ అధికరణము ఆ నిమిషమున ఆ యూరిలో అమలునకు వచ్చినట్లు.